నాకు ముందు విప్పిన చేతులు: ఒక పాత సీజీ125 డైరీ

0వ రోజు

“కార్బురేటర్ ఒక్కటి క్లీన్ చేయిస్తే చాలు సార్, సగం కిక్కుకే అందుకుంటుంది.”

మూలన పడ్డ బండిని అమ్మే ప్రతి మనిషీ ఇదే మాట అంటాడు. అంత చిన్న పనైతే అదేదో తనే చేయించి, ఇంకో రెండింతలకు అమ్ముకోవచ్చుగా? ఈ ప్రశ్న నాకు అక్కడే తట్టింది. అడగలేదు. అప్పటికే బండి చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, సీటు మీద కూర్చుని, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసేశాను. మనసు పారేసుకున్నాక ఇంకేం బేరం! ఆయన చెప్పిన రేటు కూడా పాత ఇనుము కింద అమ్మితే వచ్చేదానికంటే మరీ ఎక్కువేం కాదు.

బండి హోండా సీజీ125. తెలుగువాళ్లలో చాలామంది ఈ పేరు విని ఉండరు కాబట్టి దీని గురించి నాలుగు ముక్కలు. 1976 నుంచి మొదలై రకరకాల మోడళ్లలో, రకరకాల దేశాల్లో తయారైంది. 124 సీసీ, ఒకటే సిలిండర్, గాలికి చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజన్. హోండా వాళ్ల మిగతా చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు చాలావాటిలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన, హెడ్‌లో ఉంటుంది. ఆయిల్ చివరగా చేరే చోటు అదే. అందుకే ఆయిల్ తగ్గినా, మురికి పట్టినా ముందు అరిగేదీ అదే. టైముకు ఆయిల్ మార్చే అలవాటు లేనివాళ్ల చేతుల్లో కూడా బతకాలని సీజీలో ఆ క్యామ్‌ని కిందికి దించేసి, వాల్వులను పుష్‌రాడ్లనే పొడుగు కడ్డీలతో నెట్టించారు. టైమింగ్ చైన్ గొడవే లేదు. వెనక చక్రం చైన్‌కి చుట్టూ మూసేసిన రేకు కేసు. ఒక్క మాటలో చెప్పాలంటే, పట్టించుకోనివాళ్ల కోసమే పుట్టిన బండి.

అలాంటి బండి ఎన్నేళ్లు మూలన పడి ఉన్నా పెద్దగా చెడిపోదన్నది నా లెక్క. ఆ లెక్క తప్పలేదు. నేను వేసుకోని లెక్క ఇంకొకటి ఉంది.

కొనేముందు చూడాల్సినవి చూశాను. కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా నొక్కితే ఒకచోట గట్టిగా ఎదురు తిరిగింది. అంటే ఇంజన్ పట్టేయలేదు, కంప్రెషన్ కొంతైనా ఉంది. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ కాగితాల్లో ఉన్నట్టే ఉన్నాయి. ఇది కుదరకపోతే మాత్రం ఎంత చవకైనా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేమ్ పెయింట్ పగల్లేదు, కాబట్టి గట్టిగా గుద్దుకున్న బండి కాదు. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే పెట్రోల్ వాసన పోయి ఏదో పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టుంది. టార్చి వేస్తే లోపలంతా ఇటుక రంగు.

ఇవన్నీ చూసి, ఒకటి చూసీ చూడనట్టు వదిలేశాను. ఇంజన్ పక్క మూతల మీద స్క్రూల తలలు. ఒక్కదానికీ ప్లస్ గాడి సరిగా లేదు. ఎవరో తిప్పి, జారి, మళ్లీ తిప్పి, గుండ్రటి గుంటలు చేసి పెట్టారు. రెండింటికి ఉలితో కొట్టిన గాట్లు కూడా ఉన్నాయి. తుప్పు పట్టిన బండిని చూసి భయపడక్కర్లేదు. స్క్రూ తలలు అరిగిన బండిని చూసి భయపడాలి. ఇది ఇప్పుడు రాస్తున్న మాట, ఆ రోజు తెలిసింది కాదు.

2వ రోజు

కడిగాను. ఇంతకుమించి రాయడానికి ఏమీ లేదు. కడిగాక రెండు రోజుల క్రితం కంటే అధ్వానంగా కనిపిస్తోంది. మట్టి కింద దాక్కున్నవన్నీ బయటపడ్డాయి.

స్టార్ట్ చేసి చూద్దామని చేయి లాగింది కానీ ఆపుకున్నాను. ఏళ్లుగా ఆగిన ఇంజన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఉండదు. తడారిన గోడ మీద పిస్టన్ రింగులు ఒక్కసారిగా రుద్దుకుంటే గీతలు పడతాయి. ప్లగ్ విప్పి, ఆ కన్నంలోంచి రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశాను.

3వ రోజు

ప్లగ్ లేకుండా కిక్ కొడితే తేలిగ్గా తిరిగింది. ఆయిల్ తుంపరలు నా చొక్కా మీదికి ఎగిరాయి. ప్లగ్ కన్నానికి ఎదురుగా నిలబడకూడదని తెలిసొచ్చింది.

విప్పిన ప్లగ్‌ని క్యాప్‌కి తగిలించి, హెడ్‌కి ఆనించి మళ్లీ కొట్టాను. స్పార్క్ లేదు. నీలంగా కాదు కదా, ఎర్రగా కూడా లేదు. అంటే అమ్మినాయన చెప్పిన కార్బురేటర్‌ని బంగారంతో చేయించి పెట్టినా ఈ బండి కదలదు.

ఇక వైరింగ్ చూడాలి. సీటు తీశాను. కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

హోండా వైరింగ్‌కి ఒక పద్ధతి ఉంటుంది. ఆకుపచ్చ వైరు ఎర్త్. ఎరుపు బ్యాటరీ ప్లస్. నలుపు, తాళం తిప్పితే కరెంటు వచ్చే లైను. ఈ మూడూ గుర్తుంటే సగం బండి అర్థమైపోతుంది. ఈ బండిలో మాత్రం మధ్యలో ఎవరో మహానుభావుడు ఇళ్లల్లో వాడే పసుపు వైరు ఒక్క చుట్ట తెచ్చుకుని, ఎక్కడ తెగితే అక్కడ దాన్నే మెలితిప్పి టేపు చుట్టాడు. ప్లస్సూ పసుపే, ఎర్తూ పసుపే, హారనూ పసుపే. టేపు జిగురు కారి, దుమ్ము పట్టి, ముట్టుకుంటే వేళ్లకు బెల్లప్పాకంలా అంటుకుంటోంది. ఫ్యూజు పెట్టాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టాడు. వైరు కాలితే బండి కాలాలి తప్ప ఫ్యూజు పోకూడదని ఆయన ఉద్దేశం కాబోలు.

ఆ మహానుభావుడు ఒక్కడే కాదని, కనీసం ఇద్దరు ముగ్గురని తర్వాత అర్థమైంది. కానీ డైరీలో అందరికీ కలిపి ఇదే పేరు ఖాయం చేసేశాను.

5వ రోజు

స్పార్క్ దొరికింది. ఎలాగో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ఈ మోడల్లో సీడీఐకి, అంటే స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే చిన్న పెట్టెకి, కావాల్సిన కరెంటు మ్యాగ్నెట్ పక్కనున్న కాయిల్ నుంచే వస్తుంది. బ్యాటరీ లేకపోయినా స్పార్క్ రావాలి. ఇంజన్ ఆపడానికి నలుపు మీద తెల్లగీత ఉన్న వైరు ఒకటి ఉంటుంది. తాళం ఆఫ్ చేస్తే ఆ వైరు ఎర్త్‌కి కలుస్తుంది, స్పార్క్ చచ్చిపోతుంది. అంటే ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి ఫ్రేమ్‌కి తగిలితే, తాళం ఆన్‌లో ఉన్నా బండి ఆఫ్‌లో ఉన్నట్టే లెక్క.

సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు ఊడదీసి కిక్ కొట్టాను. టప్‌మని నీలం మెరుపు!

ఇక మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ఆ వైరు ఎక్కడ ఫ్రేమ్‌కి తగులుతోందో వెతకాలి. ట్యాంకు కింద, ముందువైపు రబ్బరు బుష్ దగ్గర దొరికింది. ట్యాంకు ఎప్పుడో తీసి మళ్లీ ఎక్కించేటప్పుడు వైర్ల కట్టను సరిగా సర్దకుండా దాని మీదే కూర్చోబెట్టేశారు. రాగి తీగలు చదునుగా నలిగి, ఫ్రేమ్ పెయింట్‌లోకి దిగిపోయి, అక్కడ ఒక పచ్చటి చిలుము మచ్చ కట్టింది. గోరుతో గీకితే పొడిలా రాలింది. ఇన్నేళ్లు ఈ బండి మూలన పడి ఉండటానికి కారణం బఠాణీ గింజంత ఉన్న ఆ మచ్చ. ఆ తర్వాత వైరింగ్‌కి జరిగిన మరమ్మతులన్నీ దాన్ని వదిలేసి చుట్టుపక్కల వాటి మీద జరిగినవే.

పసుపు వైర్లన్నీ పీకేశాను. రంగు ప్రకారం కొత్త వైర్లు, సోల్డర్ చేసిన అతుకులు, సరైన ఫ్యూజు. మూడు సాయంత్రాలు పట్టింది.

9వ రోజు

ట్యాంకు తుప్పు. లోపల నట్లు, గొలుసు ముక్కలు వేసి ఊపే పద్ధతి ఒకటుంది. చేతులు పడిపోతాయి తప్ప మూలల్లో తుప్పు అలాగే ఉంటుంది. నేను వాషింగ్ సోడా, బ్యాటరీ చార్జర్ పద్ధతి పట్టుకున్నాను. పెట్రోల్ పూర్తిగా తీసేసి, సబ్బునీళ్లతో వాసన పోయేదాకా కడిగి, ట్యాప్ కన్నం మూసేసి, నీళ్లు నిండా పోశాను. నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా. మూత కన్నంలోంచి ఒక ఇనుప చువ్వను, ట్యాంకుకి ఎక్కడా తగలకుండా రబ్బరు ముక్కతో బిగించి దింపాను. చార్జర్ ప్లస్ చువ్వకి, మైనస్ ట్యాంకుకి. ఇది తారుమారైతే చువ్వకి బదులు ట్యాంకు కరిగిపోతుంది. చార్జర్ కూడా పాతకాలంది కావాలి. బ్యాటరీ కనిపిస్తే తప్ప పని చేయని తెలివైన చార్జర్లు దీనికి పనికిరావు. చువ్వ స్టెయిన్‌లెస్ స్టీలుది అయి ఉండకూడదు, అందులోని క్రోమియం విషమై నీళ్లలో కలుస్తుంది. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్ కాబట్టి ఇది ఆరుబయట చేసే పని, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

రెండు రోజుల్లో చువ్వ మీద నారింజ రంగు బురద కట్టింది. తీసి గీకి మళ్లీ దించాను. ట్యాంకు లోపల తుప్పు నల్లటి పొడిగా మారి, కడిగితే వదిలేసింది. కడిగాక క్షణం ఆలస్యం చేసినా మళ్లీ ఎర్రబారుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వెంటనే కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి అన్ని వైపులా తిప్పాను. అడుగున సూదిబెజ్జం లాంటిది కూడా లేదు. తుప్పు కనిపించినంత లోతుగా లేదన్నమాట.

12వ రోజు

కార్బురేటర్. అమ్మినాయన చెప్పింది అబద్ధం మాత్రం కాదు, దీన్ని క్లీన్ చేయాల్సిందే.

ముందు ఆ స్క్రూల సంగతి. జపాన్ బండ్ల స్క్రూల మీది ప్లస్ గాడి, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి కాదు. జపాన్ గాడికి జేఐఎస్ అని వేరే కొలత ఉంది. ఫిలిప్స్ మొన అందులో అడుగుదాకా దిగదు. పైపైన పట్టుకుంటుంది, గట్టిగా తిప్పగానే పైకి జారి గాడిని కొరికేస్తుంది. చాలా స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క ఉంటుంది, అది జేఐఎస్ గుర్తు. ఇది తెలియక పాడైన స్క్రూలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయో! ఫ్లోట్ గిన్నెకున్న మూడు స్క్రూల్లో రెండింటిని సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌తో తీశాను. మూడోదాని తల తొలిచేయాల్సి వచ్చింది.

గిన్నె లోపల పచ్చటి జిగురు, ఎండిన ఆముదంలా ఉంది. అది ఊహించిందే. ఊహించనిది జెట్లు, అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న కన్నాల ఇత్తడి ముక్కలు. స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ కన్నాన్ని టార్చి వెలుగులో భూతద్దం పెట్టి చూస్తే గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. ఎవరో తీగ పెట్టి పొడిచారు. ఇత్తడి మెత్తన, తీగ గట్టిది. వెంట్రుక వాసి తేడా వచ్చినా పెట్రోల్ కొలత మారిపోతుంది. మెయిన్ జెట్‌ని అయితే డ్రిల్ బిట్టుతోనే పెద్దది చేశారు, గోడల మీద మరల్లాంటి గీతలున్నాయి. సూది క్లిప్పు కూడా చిట్టచివరి గాడిలో ఉంది. అన్నీ పెట్రోల్ ఎక్కువ పోయేలా చేసినవే. ఎందుకు చేశారో ఆ రోజు అంతు పట్టలేదు.

ప్లగ్ కూడా ఇదే కథ. దీనికి చెప్పిన ప్లగ్ ఎన్జీకే డీ8ఈఏ. ఇందులో ఉన్నది అంతకంటే తక్కువ అంకెది. ఎన్జీకే వాళ్ల లెక్కలో అంకె తగ్గేకొద్దీ ప్లగ్ వేడిగా పని చేస్తుంది. వేడి ప్లగ్ మసిని కాల్చేసుకుంటుంది. అంటే మసి ఎక్కువ పడుతోందని వేసి ఉంటారు. మరి మసి ఎందుకు పడుతోంది? జెట్లు పెద్దవి చేశారు కాబట్టి. జెట్లు ఎందుకు పెద్దవి చేశారు?

అన్నీ కంపెనీ కొలతలకే మార్చేద్దామని ఆర్డర్ పెట్టేశాను. జెట్లు, ఫ్లోట్ సూది, గాస్కెట్లు, ప్లగ్.

16వ రోజు

స్టార్ట్ అయింది.

కొత్త ఆయిల్, కొత్త జెట్లు. ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్యలో పెట్టాను. చోక్ వేసి కిక్ కొడితే మొదటి రెండూ ఉత్తివే. మూడోదానికి ఒకసారి తుమ్మింది. ఏడోదానికి పట్టుకుంది. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ మేఘంలా లేచి, దాంతోపాటు ఒక ఎండిన కందిరీగ గూడు ఎగిరి వచ్చి గోడకు కొట్టుకుంది. నేను సిలిండర్‌లో పోసిన ఆయిల్ కాలి ఐదు నిమిషాల్లో పొగ తగ్గింది.

తమ్ముడు పరుగున వచ్చాడు. “అన్నయ్యా, సాధించావ్!”

చోక్ తీయగానే ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేస్తే చోక్ మీద బానే నడుస్తోంది. చోక్ లేకపోతే స్లోలో నిలబడదు. రేజ్ చేసి వదిలితే వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడి, అప్పుడు దిగుతోంది. జెట్లు కొత్తవి, ట్యాంకు శుభ్రంగా ఉంది, పెట్రోల్ ధారగా వస్తోంది. మరి ఇంకేంటి?

19వ రోజు

రేస్ పైన వేలాడితే ఎక్కడో దొంగగాలి దూరుతోందని అర్థం. కార్బురేటర్ తర్వాత, ఇంజన్‌కి ముందు. ఇంజన్ స్లోలో ఉండగా అతుకుల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దిగా చిమ్మితే, గాలి దూరే చోట చిమ్మినప్పుడు శబ్దం మారుతుంది. అంటుకునే సరుకు కాబట్టి వేడెక్కిన సైలెన్సర్ మీద పడకుండా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే నల్లటి ఇన్సులేటర్ దగ్గర చిమ్మగానే గుర్రుమంది.

విప్పాను. ఇన్సులేటర్ ముఖం మీద గుండ్రంగా ఒక గాడి ఉంది. అందులో ఓ-రింగ్ ఉండాలి. లేదు. దాని బదులు ఎర్ర సిలికాన్ పూశారు. సిలికాన్‌కి పెట్రోల్ పడదు. ఉబ్బి, మెత్తబడి, ఒక పక్కన తెగి, నత్తగుల్ల ఊడినట్టు గాడిలోంచి ఊడొచ్చింది. దాన్ని వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎందుకంటే ఆ క్షణంలో కథంతా ఒక వరుసలోకి వచ్చింది.

ఎప్పుడో కార్బురేటర్ విప్పినప్పుడు ఓ-రింగ్ పోయింది, లేదా నలిగింది. కొత్తది తెచ్చే ఓపిక లేక సిలికాన్ పూశారు. కొన్నాళ్లకు గాలి దూరడం మొదలైంది. బండి స్లోలో నిలబడలేదు. పైలట్ జెట్ పూడిందనుకుని తీగతో పొడిచారు. కొంచెం నయమైంది కానీ పికప్‌లో తడబాటు మిగిలింది. సూదిని పైకి లేపారు, మెయిన్ జెట్ పెద్దది చేశారు. ఇప్పుడు ఫుల్ రేస్‌లో పెట్రోల్ మరీ ఎక్కువైంది, ప్లగ్‌కి మసి పట్టింది. వేడి ప్లగ్ వేశారు. ఒక్కో మరమ్మతూ ముందు మరమ్మతు తెచ్చిన రోగానికి మందు. నేను జెట్లు సరి చేసి ఆ వేడి ప్లగ్‌నే ఉంచి ఉంటే, మొన ఎర్రగా కాగి, మెరుపు రాకముందే పెట్రోల్ అంటుకుని, పిస్టన్‌కి కన్నం పడే దాకా వెళ్లేదేమో.

ఇంత కథా ఉంగరమంత రబ్బరు ముక్క కోసం. అది వేశాక బండి చోక్ లేకుండా నిలబడింది.

22వ రోజు

ట్యాపెట్లు. వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఉండాల్సిన సందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.08 మిల్లీమీటర్లు. ఎగ్జాస్ట్ వైపు ఫీలర్ గేజ్‌లో 0.05 రేకు కూడా దూరలేదు, అసలు సందే లేదు. పుష్‌రాడ్ ఇంజన్ కాస్త టకటకమంటుంది, దాని స్వభావం అది. ఆ చప్పుడు భరించలేక బిగించేశారు. చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ ఇంజన్ వేడెక్కి వాల్వు సాగినప్పుడు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ జారిపోతుంది, వాల్వు అంచు కాలుతుంది. అదృష్టం బావుండి ఇంకా కాలలేదు. సందు సరి చేశాక కిక్‌కి ఎదురు బాగా పెరిగింది. చప్పుడూ పెరిగింది. నాకిప్పుడు ఆ చప్పుడే హాయిగా ఉంది.

కుడి మూత కూడా తీసి చూశాను. ఈ ఇంజన్‌కి కాగితం ఫిల్టర్ ఉండదు. క్రాంకు చివర గిన్నె లాంటిది తిరుగుతూ మురికిని అంచుకు విసిరి పట్టుకుంటుంది. దాని గోడకు గట్టి బూడిద రంగు బురద, చాకుతో చెక్కాల్సినంత. ఆయిల్ జల్లెడలో ఎర్ర సిలికాన్ పోగులు. మూతలకు పూసినప్పుడు లోపలికి పొంగినవి తెగి అక్కడికి చేరాయి. ఇంకొన్నాళ్లు నడిచి ఉంటే ఆయిల్ దారే మూసుకుపోయేది. ఆగిపోవడమే ఈ బండిని కాపాడింది.

చైన్ కేసు తెరిస్తే మాత్రం చైన్ నల్లగా, జిడ్డుగా, దాదాపు కొత్తదానిలా ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు.

24వ రోజు

టైర్లు, బ్రేకులు. టైర్ల గాట్లు బాగానే ఉన్నాయి, దాన్ని చూసి మోసపోకూడదు. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఒకవేళ మూడే అంకెలుంటే అది 2000కి ముందుది. నా వెనక టైరుకి మూడే ఉన్నాయి. రెండూ ట్యూబులతో సహా మార్చేశాను. బ్రేక్ షూలు కూడా. పాత షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడిచాను. కేబుళ్లు అన్నీ కొత్తవి. ఈ పనుల్లో కథేమీ లేదు, కానీ వీటిలో మిగుల్చుకుందామని మాత్రం చూడొద్దు.

27వ రోజు

ఈ రోజు గురించి రాయకుండా దాటేద్దామనుకున్నాను.

బండి వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. స్టాండ్ వేసి చేతులు తుడుచుకుంటుంటే తమ్ముడు వంగి చూసి, “అన్నయ్యా, పైనుంచి ఏదో కారుతోంది” అన్నాడు. ట్యాపెట్ మూత అంచున ఆయిల్ చెమర్చింది. కొత్త గాస్కెట్టే వేశాను. ఎంత బిగించామో కొలిచి చెప్పే టార్క్ రించ్ ఇంట్లోనే ఉంది. దాన్ని తేవడానికి బద్ధకించి, చేతిలో ఉన్న పొడుగు పానాతో ఇంకో పావు చుట్టు తిప్పాను. ఆగలేదేమోనని ఇంకొంచెం.

అప్పుడు బోల్టు తేలికైపోయింది. మర పోయినప్పుడు చేతికి తెలుస్తుంది. బిగుతు పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా వెన్నలోకి దిగినట్టవుతుంది. వెనక్కి తిప్పి లాగితే బోల్టు గాట్ల నిండా అల్యూమినియం మర, చిన్న స్ప్రింగులా చుట్టుకుని బయటికొచ్చింది. 6 మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియంలోకి దిగేటప్పుడు 10 న్యూటన్ మీటర్ల బిగుతు చాలు. ఇదంతా తెలిసినవాణ్నే.

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, “ఇంకో మహానుభావుడు దొరికినట్టున్నాడు” అన్నాడు.

సిలికాన్ ట్యూబు షెల్ఫ్‌లో కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే అటు చూశాను. బోల్టుకి కాస్త పూసి దూర్చేస్తే ఈ పూటకి ఆగుతుంది. ఎవరికీ తెలియదు. ఓ-రింగ్ బదులు సిలికాన్ పూసినవాడికీ ఇలాగే పొద్దుపోయి ఉంటుంది, ఇలాగే ఆకలి వేస్తూ ఉండి ఉంటుంది. నెల రోజులుగా తిడుతున్న మనిషి మీద మొదటిసారి కాస్త జాలి వేసింది.

30వ రోజు

హెలికాయిల్ కిట్టు వచ్చింది. పోయిన మరను 6.3 మిల్లీమీటర్ల బిట్టుతో తొలిచి, కిట్టుతో వచ్చిన ట్యాపుతో పెద్ద మర కోసి, అందులోకి స్టీలు తీగతో చేసిన స్ప్రింగు మరను తిప్పి దించడమే. చెప్పడానికి రెండు వాక్యాలు, చేయడానికి ఒక మధ్యాహ్నం. రజను ఇంజన్‌లోకి పోకుండా మూత తీసి లోపల గుడ్డ కుక్కాను. బిట్టుకి, ట్యాపుకి గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది. ప్రతి రెండు చుట్లకూ బయటికి తీసి తుడిచాను. బిట్టు ఏటవాలుగా దిగితే ఇక హెడ్డే మార్చాలి కాబట్టి తమ్ముణ్ని పక్కనుంచి నిటారు చూడమన్నాను. “కొంచెం నీ వైపుకి... ఆఁ, అంతే” అంటూ వాడు, ఊపిరి బిగబట్టి నేను.

ఆ మూతకి ఈసారి టార్క్ రించ్‌తోనే బిగించాను. 10 దగ్గర క్లిక్‌మంది, ఆపేశాను. అసలు చెమర్చడానికి కారణం కూడా దొరికింది. మూత అంచున పాత సిలికాన్ పొర ఒకటి గీకకుండా మిగిలిపోయింది, గాస్కెట్ దాని మీద కూర్చుంది. అది మహానుభావుడిది. గీకకుండా వదిలింది నేను.

34వ రోజు

రోజూ తిరుగుతోంది. రేజ్ చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల పైచిలుకు చూపిస్తోంది, చార్జింగ్ బాగుంది. మొదటి 100 కిలోమీటర్లకే ఆయిల్ మళ్లీ మార్చాను. రెండోసారి తీసిన ఆయిల్‌లో సిలికాన్ పోగు ఒక్కటే కనిపించింది.

సీటు కింద, పనిముట్ల పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించాను. ఏ జెట్ ఏ నంబరో, వైరింగ్‌లో ఎక్కడెక్కడ అతికానో, ఏ ప్లగ్ వేశానో రాశాను. చివర్లో: “ట్యాపెట్ మూత, ఎడమ వెనక బోల్టు: మర పోగొట్టింది నేను. హెలికాయిల్ ఉంది. 10 న్యూటన్ మీటర్లు, అంతే.” పెట్టెలో ఒక జేఐఎస్ స్క్రూడ్రైవర్ కూడా పడేశాను.

మిగిలినవి: ఫోర్క్ ఆయిల్ సీళ్లు, స్పీడోమీటర్ లైటు. కిక్ షాఫ్ట్ దగ్గర ఇంకా కొంచెం చెమ్మ ఉంది. సీలు ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా బండి కింద ఒక అట్టముక్క పరిచాను.